పండగకు తెరిచే ఇల్లు – రోగికి వెచ్చదనం

డిసెంబరు వచ్చిందంటే, డిశ్చార్జి కాగితం చేతికిచ్చే సమయంలో రోగి వెంట ఉన్నవారు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "పండక్కి ఊరు తీసుకెళ్ళొచ్చాండీ? అక్కడ ఇల్లు చల్లగా ఉంటుంది. రూము హీటరు కొనమంటారా, కుంపటి సరిపోతుందా?"

ఇలా అడిగేవారిలో చాలామందికి అంతర్వేది, సఖినేటిపల్లి, మలికిపురం వైపు సొంత ఇళ్ళున్నాయి. కొడుకులు హైదరాబాదులోనో, కువైట్‌లోనో ఉంటారు. పెద్దవాళ్ళు ఏ కూతురి దగ్గరో ఉంటారు. ఊళ్ళో ఇల్లు సంవత్సరంలో ఎక్కువ భాగం తాళం వేసే ఉంటుంది. సంక్రాంతికి ఒకసారి, మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి ఇంకోసారి తలుపులు తీస్తారు. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. రెండు సందర్భాలూ చలిరోజుల్లోనే వస్తాయి. ఇంటినిండా చుట్టాలు. వారిలో మొన్ననే ఆసుపత్రి నుంచి వచ్చిన తాతగారో, నెల నిండని బిడ్డతో ఉన్న బాలింతో ఉంటారు.

డాక్టరు వద్దని చెప్పకపోతే తీసుకువెళ్ళవచ్చు. అయితే ఆ ఇంట్లో వెచ్చదనం ఎలా ఏర్పాటు చేసుకోవాలన్నది ముందుగా ఆలోచించుకోవాలి. చలి వల్ల వచ్చే ఇబ్బందికంటే, చలి పోగొట్టడానికి మనం చేసే పనుల వల్ల వచ్చే ప్రమాదమే పెద్దదిగా ఉండే ప్రాంతం మనది.

అసలు చలి ఎంత?

సముద్రం పక్కనే ఉండడం వల్ల అంతర్వేదిలో చలి మరీ ముదరదు. మన తీరంలో డిసెంబరు, జనవరి రాత్రులు మామూలుగా 18–20 డిగ్రీల దగ్గర ఆగుతాయి. కొన్ని రోజులు ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ళ గురించి ఇచ్చిన సూచనల్లో, చలిదేశాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉంటే ఆరోగ్యానికి మంచిదని చెప్పింది. అంటే అక్కడ ఎంతో ఖర్చు పెట్టి సంపాదించుకునే వెచ్చదనం మనకు చాలా రాత్రులు ఊరికే దొరుకుతోంది.

మరి రోగి ఎందుకు వణుకుతాడు? ఇల్లు మూసి ఉండడం వల్ల. నెలల తరబడి ఎండా గాలీ తగలని ఇంట్లో గోడలు చెమ్మ పీలుస్తాయి. డెల్టా నేల, పైగా సముద్రపు గాలి. పరుపులు, దిండ్లు, బీరువాలోని దుప్పట్లు తేమతో బరువెక్కి ముక్కిపోయిన వాసన వేస్తాయి. అలాంటి పరుపు మీద పడుకుంటే ఒంట్లోని వేడిని ఆ తేమ లాగేస్తుంది. పాత పెంకుటిళ్ళలో కొబ్బరి నారతో అల్లిన మంచం మీద బొంత వేసుకుని పడుకునేవారు. ఇప్పుడు మార్బుల్ నేల మీద చాపలు పరిచి పదిమందిని పడుకోబెడుతున్నాం. ఆ నేల తెల్లవారుజామున ఎంత చల్లగా ఉంటుందో పాదం పెట్టి చూస్తే తెలుస్తుంది.

కాబట్టి మొదటి పని హీటరు కొనడం కాదు, ఇంటిని ఆరబెట్టడం. రోగి రావడానికి కనీసం రెండు రోజుల ముందు ఇంట్లో ఎవరైనా ఆరోగ్యంగా ఉన్నవారు వెళ్ళాలి. ఉదయం మంచు విడిచాక, అంటే తొమ్మిది దాటాక, కిటికీలన్నీ తెరిచి ఫ్యాన్లు వేయాలి. పరుపులు, దిండ్లు, రగ్గులు డాబా మీద వేసి రెండు వైపులా ఎండనివ్వాలి. సాయంత్రం నాలుగు గంటలకల్లా వాటిని లోపలికి తెచ్చి కిటికీలు మూసేయాలి. ఆరుగంటల దాకా ఉంచితే మళ్ళీ మంచు పీలుస్తాయి, పగలంతా చేసిన పని వృథా. బూజు దులిపే సమయంలోనూ, గోడల మీది నల్లటి బూజుమచ్చలు కడిగే సమయంలోనూ ఆస్తమా రోగి ఇంట్లో ఉండకూడదు. చలిగాలి వల్ల వచ్చిందనుకునే ఆయాసం చాలాసార్లు ఈ బూజు, పాత పరుపుల్లోని దుమ్ము వల్ల వచ్చినదే. ఎలుకలు తిరిగిన ఇల్లయితే పొడిగా ఊడవకుండా, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు చల్లి, తడిగుడ్డతో తుడవండి.

రోగికి ఇంట్లో అన్నిటికంటే పొడిగా ఉన్న గది ఇవ్వండి. సాధారణంగా అది మధ్యాహ్నం ఎండ తగిలే పడమటి గది అవుతుంది. పెద్దాయన కదా అని వీధిగదిలో తలుపు పక్కన మంచం వేయడం మర్యాదే కానీ, వచ్చేపోయేవారు తలుపు తీసినప్పుడల్లా గాలి ఆయనకే తగులుతుంది.

నిప్పు బయట, వేడి లోపల

ఇక కుంపటి సంగతి. బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం, బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం, ఆయాసం ఉన్న ముసలాయన పక్కన బొగ్గుల మూకుడు పెట్టడం మనకు పాత అలవాట్లు. "మా అమ్మమ్మ కూడా ఇలాగే చేసిందండీ, ఏమీ కాలేదు" అంటారు. అమ్మమ్మగారి కాలంలో తాటాకు ఇల్లు. చూరు కింద నుంచీ, గోడ పైనుంచీ గాలి ఆడుతూనే ఉండేది. మన ఇళ్ళకు కాంక్రీటు శ్లాబు, అద్దాల కిటికీలు, దోమలు రాకుండా బిగించిన తలుపులు. కుంపటి అదే, కానీ గది మారిపోయింది.

బొగ్గు, కట్టె, కొబ్బరి డొక్క, గ్యాసు, కిరోసిన్, ఏది మండినా గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్ళు మండవు, దగ్గు రాదు. పొగ తగ్గి బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నప్పుడు "ఇప్పుడు పొగ లేదు, లోపలికి తేవచ్చు" అనుకుంటాం. మూసిన గదిలో ఎక్కువ ప్రమాదం ఆ ఎర్రటి నిప్పులతోనే.

ఈ వాయువు చేసే హాని ఇలా ఉంటుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ను ఎక్కించుకుని ఒళ్ళంతా పంచుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే తేలికగా వదలదు. మామూలు గాలిలో ఉంటే అందులో సగం వదలడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో మాస్కు ద్వారా పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగం వదులుతుంది. అందుకే ఇలాంటి రోగిని "కాస్త గాలి తగిలితే అదే సర్దుకుంటుంది" అని ఇంట్లో ఉంచుకోకూడదు.

లక్షణాలు మోసం చేస్తాయి. తలనొప్పి, తలతిరుగుడు, వికారం, వాంతి, నీరసం, మగత. పండగ రోజుల్లో ఇవి కనిపిస్తే "నిన్నటి అరిసెలు పడలేదు", "ప్రయాణం బడలిక" అనుకుని మళ్ళీ అదే గదిలో పడుకోబెడతారు. ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే, జ్వరం లేకపోతే, బయటికి వచ్చాక కాస్త తేలికపడితే కుంపటినే అనుమానించాలి. నిద్రలో ఉన్నవారికి ఈ లక్షణాలు తెలిసే అవకాశం కూడా ఉండదు.

ఇంకో విషయం. కోవిడ్ వచ్చిన 2020, 2021 సంవత్సరాల్లో చాలా ఇళ్ళల్లో వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటరు కొన్నారు. ఈ ఆపదలో దాన్ని నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కపెడుతుంది. మనిషి స్పృహ తప్పుతున్నా 98 అని చూపించగలదు.

ఇది ఎక్కడో చలిదేశాల మాట అనుకోవద్దు. 2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్ విహారయాత్రకు వెళ్ళినవారిలో ఎనిమిది మంది దామన్ అనే కొండప్రాంతపు రిసార్టులో ఒకే గదిలో పడుకున్నారు. చలికి గ్యాసు హీటరు పెట్టుకుని, తలుపులు, కిటికీలు లోపలినుంచి బిగించుకున్నారు. తెల్లవారేసరికి అందరూ అపస్మారకంగా ఉన్నారు. ఎనిమిది మందీ చనిపోయారు. వారిలో నలుగురు పిల్లలు.

ఇలాంటి గదిలోకి వెళ్తే ముందు తలుపులు, కిటికీలు తెరవండి. నిప్పు ఆర్పే పనిలో లోపల నిలబడిపోకండి, మనుషుల్ని బయటికి తీసుకురండి. స్పృహ లేనివారు ఊపిరి తీస్తుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు, మజ్జిగ పోయవద్దు. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మొట్టమొదటగా "గదిలో కుంపటి ఉందండీ" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు చేయించే రక్తపరీక్ష మారుతుంది, ఆక్సిజన్ వెంటనే మొదలవుతుంది. గర్భిణి అయితే తనకు బాగానే ఉందని చెప్పినా తీసుకురావాలి. కడుపులోని బిడ్డ రక్తం ఈ వాయువును ఇంకా ఎక్కువ పట్టి ఉంచుతుంది.

అలాగని నిప్పును పూర్తిగా మానేయమని మేము చెప్పడం లేదు. కోనసీమలో కొబ్బరి డొక్కలకు, చిప్పలకు, మట్టలకు కొదవేముంది? పెరట్లో పొయ్యి పెట్టి నీళ్ళు కాచుకోండి. ఆ వేడినీళ్ళతో రోగికి స్నానం చేయించండి, పాదాలు తుడవండి, ఫ్లాస్కులో నింపి మంచం పక్కన ఉంచండి. నిప్పు బయటే ఉండి వేడి నీళ్ళరూపంలో లోపలికి రావాలి. స్నానాలగదిలో గ్యాసు గీజరు పెట్టుకున్నవారు కూడా దీన్ని గుర్తుంచుకోవాలి. చిన్న గదిలో తలుపు మూసి, వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టి గ్యాసు గీజరు వాడితే అదీ కుంపటి లాంటిదే. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు గాని, కాన్సెంట్రేటరు గాని వాడుతున్న రోగి ఉంటే ఆ గదిలో దీపం, అగరుబత్తి, దోమల చుట్ట కూడా వద్దు.

హీటరు కొనేవారికి

అంతర్వేది ఇంటికి హీటరు అవసరమా అంటే, మా అభిప్రాయంలో చాలా కుటుంబాలకు అవసరం లేదు. ఏడాదికి పది రాత్రుల కోసం కొన్న వస్తువు మిగతా రోజులు ఉప్పుగాలిలో తుప్పు పడుతుంది. అయితే థైరాయిడ్ తక్కువగా ఉన్నవారు, బాగా చిక్కిపోయిన వృద్ధులు, చల్లగాలికి ఆయాసం పెరిగేవారు ఉంటే కొనుక్కోవచ్చు. కొంటే కరెంటుదే కొనండి. గ్యాసు, కిరోసిన్ హీటర్లు వద్దు.

కరెంటు హీటరు "గదిలో ఆక్సిజన్ తినేస్తుంది" అని చాలామంది భయపడతారు. అందులో ఏదీ మండదు, తీగ వేడెక్కుతుంది అంతే. దాని ప్రమాదాలు వేరు: కాలడం, మంటలు అంటుకోవడం, షాక్. ఎర్రగా వెలిగే రాడ్ల హీటరు చౌక, ఎదురుగా కూర్చున్నవారికి వెంటనే వేడి తగులుతుంది. కానీ మన ఇళ్ళల్లో ప్రతి మంచానికీ నైలాన్ దోమతెర ఉంటుంది. రాత్రి గాలికి ఆ తెర కదిలి రాడ్డుకు తగిలితే ఎంత సేపు? పడకగదిలోకి రాడ్ల హీటరు తీసుకురాకపోవడమే మేలు. ఫ్యాను గల హీటరు గదిని త్వరగా వేడి చేస్తుంది కానీ పేరుకున్న దుమ్మును కూడా రోగి మొహాన కొడుతుంది. లోపల నూనె ఉండి రేకులు రేకులుగా కనిపించే ఆయిల్ హీటరు వేడెక్కడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది, ధర కూడా ఎక్కువే. అయినా రోగి గదికి అదే నయం. మంట కనిపించదు, చప్పుడు ఉండదు, తగినంత వేడి అయ్యాక థర్మోస్టాట్ దానంతటదే ఆపుతుంది. మామూలు గదికి వెయ్యి వాట్ల మీద పెడితే మన చలికి చాలు. పడుకునే ముందు ఒక గంట వేసి, రోగి దుప్పటిలోకి చేరాక ఆపేయండి. దేనికైనా మంచం, తెర, కర్టెన్లు మూడడుగులకు తక్కువ కాకుండా దూరం ఉండాలి. బట్టలు ఆరేయడానికి దాన్ని వాడకండి.

వేసవి కోసం ఎలాగూ ఏసీ కొనే ఆలోచన ఉంటే, చల్లగాలితో పాటు వేడిగాలి కూడా ఇచ్చే రకం గురించి అడగండి. బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది కనుక హీటరుతో పోలిస్తే సుమారు మూడోవంతు కరెంటుతో అదే వేడి ఇస్తుంది.

హీటరు ఎంపిక చేసేముందు గోడలోని వైరింగును చూడాలి. రెండువేల వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ ఛార్జరు పెట్టే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకే. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి హీటరు పెడితే ప్లాస్టిక్ కరిగి కాలిన వాసన వస్తుంది. మూడు పిన్నులూ లావుగా ఉండే 16 ఆంపియర్ల సాకెట్టే వాడాలి. సముద్రతీరపు ఇంట్లో ఇంకో చిక్కుంది. ఉప్పుగాలికి సాకెట్టు లోపలి ఇత్తడి చిలుము పడుతుంది, స్క్రూలు తుప్పు పడతాయి, ఎర్త్ తీగ తెగిపోయినా బయటికి తెలియదు. కాబట్టి ఇల్లు తెరిచిన రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ పరీక్ష చేయించండి. కరెంటు లీకైతే క్షణంలో సరఫరా ఆపే ఆర్‌సీసీబీ మెయిన్ బోర్డులో లేకపోతే 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించండి. హీటరు కంటే ముందు ఈ ఖర్చు పెట్టడం మంచిది. బకెట్లో వేసే హీటరు రాడ్డు విషయంలో కూడా ఇదే భయం. ఇనప బకెట్లో వేయకండి. స్విచ్చి ఆపి ప్లగ్గు తీశాకే నీళ్ళలో చెయ్యి పెట్టండి.

గది కంటే మనిషి

శ్లాబు ఇంటిని మొత్తం వేడి చేయడం కష్టం, మనిషిని వెచ్చగా ఉంచడం సులువు. ఒక దళసరి రగ్గు కంటే రెండు పలచని దుప్పట్లు మేలు, మధ్యలో ఉన్న గాలి వేడిని నిలుపుతుంది. దుప్పటి పైన ఎంత కప్పినా కింద పరుపు చల్లగా ఉంటే లాభం లేదు. కింద ఒక బొంతో రగ్గో వేయండి. తలకు మంకీ క్యాపు, కాళ్ళకు సాక్సు. రాత్రి పాయిఖానాకు లేచే పెద్దవారికి మంచం పక్కనే జోళ్ళు, శాలువా అందుబాటులో ఉంచండి. వేడి పరుపు మీది నుంచి ఒక్కసారిగా చల్లటి నేల మీదకు లేస్తే బి.పి. మారి తూలిపడవచ్చు.

వేడినీళ్ళ రబ్బరు సంచి మంచిదే, కానీ షుగరు వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గినవారికీ, పక్షవాతం వచ్చిన కాలికీ చెయ్యికీ పెట్టకూడదు. కాలుతున్నట్టు వారికి తెలియదు. తెల్లవారి సాక్సు విప్పితే బొబ్బ కనిపిస్తుంది, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. మిగతావారికైనా మరిగే నీళ్ళు పోయకండి, సంచికి తువ్వాలు చుట్టండి. కాశ్మీరులో చలికి కాంగ్రీ అనే నిప్పుల కుండను బట్టల లోపల పొట్టకు దగ్గరగా పెట్టుకుంటారు. ఏళ్ళ తరబడి వేడి తగిలిన ఆ చర్మం మీదే క్యాన్సరు వస్తోందని 1866లోనే ఎల్మ్‌స్లీ అనే మిషన్ డాక్టరు రాశారు. ఒకే చోట రోజూ వేడి పెట్టడం ఏ విధంగానూ మంచిది కాదు.

పసిబిడ్డకు అందరికంటే మంచి హీటరు తల్లి గుండె. బిడ్డకు టోపీ, డయపరు మాత్రమే ఉంచి తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, ఇద్దరి మీదా దుప్పటి కప్పాలి. దీన్నే కంగారూ తల్లి సంరక్షణ అంటారు. కొలంబియా దేశంలోని బొగొటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన ఈ పద్ధతిని ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. బిడ్డకు చలి వేస్తోందో లేదో చూడాలంటే మీ చేతివెనక భాగంతో పొట్ట, పాదాలు తాకండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే వెంటనే తల్లి ఒంటికి చేర్చండి. రెండూ చల్లబడితే, పాలు తాగడం మానేస్తే ఆసుపత్రికి బయలుదేరండి, దారిలో కూడా బిడ్డను తల్లి గుండె మీదే ఉంచండి. వెనకటికి బిడ్డ పక్కన బల్బు వెలిగించేవారు. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బుల్లో ఆ వేడి ఉండదు.

కొండలకు వెళ్ళేవారికి ఒక మాట. పండగ సెలవుల్లో ఇక్కడి కుటుంబాలు అరకు, లంబసింగి వెళ్తున్నాయి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగిలో కొన్ని తెల్లవారుజాములు ఐదు డిగ్రీల లోపుకు దిగుతుంది. అది మన చలి కాదు. గుండెజబ్బు, తీవ్రమైన ఆయాసం ఉన్నవారిని తీసుకెళ్ళే ముందు డాక్టరును అడగండి. గది తీసుకునేటప్పుడు కరెంటు హీటరు ఉందా అని అడగండి. బయట వేసుకున్న నెగడులోని నిప్పుల్ని పడుకునేటప్పుడు టెంటులోకి మాత్రం తెచ్చుకోకండి.

ఒక్కరికే చలి వేస్తే

ఇంట్లో అందరికీ బాగానే ఉండి ఒక్కరే చలి చలి అంటుంటే ముందు థర్మామీటరు పెట్టండి. వణుకుతో జ్వరం వస్తే మలేరియా కావచ్చు, మూత్రంలో చీము కావచ్చు, ఆపరేషన్ అయినవారికి కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్ కావచ్చు. దుప్పటి కప్పి పండగ వెళ్ళేదాకా ఆగవద్దు. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నవారికి ఎప్పుడూ చలిగానే ఉంటుంది, వారికి మందు సరిచేయాలి. ముసలివారు కొందరు వణకరు, చలి అని కూడా చెప్పరు. మాట ముద్దగా వస్తూ, మగతగా ఉంటూ, పొట్ట మీద చెయ్యి పెడితే చల్లగా తగిలితే, థర్మామీటరులో 95 ఫారన్‌హీట్‌కు తక్కువ ఉంటే అది అత్యవసరం. తడిబట్టలు మార్చి, పొడిదుప్పట్లు చుట్టి తీసుకురండి. చేతులు, కాళ్ళు గట్టిగా రుద్దవద్దు, బ్రాందీ పట్టవద్దు.

బయలుదేరే ముందే దారి కూడా ఆలోచించుకోండి. సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం దగ్గరే, కానీ రాత్రివేళ పంటు ఉంటుందో లేదో ఆ రోజే కనుక్కోవాలి. లేకపోతే చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్ళాలి, లేదా రాజోలు వైపు రావాలి. తీర్థం రోజుల్లో అంతర్వేది రోడ్డు జనంతో నిండిపోతుంది. డిశ్చార్జి కాగితం, వాడుతున్న మందులు, ఇన్‌హేలరు, షుగరు మిషను ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పి ఉంచండి.